చేపను బతికించిన మట్టి

గోదావరికి ఎర్రనీరు వచ్చిందంటే పులస వచ్చినట్టే. ఎక్కడో సముద్రంలో తిరిగే చేప, గుడ్లు పెట్టే వేళకి ప్రవాహానికి ఎదురీదుకుంటూ నదిలోకి వస్తుంది. దాని రుచి గురించి, ధర గురించి తెలుగువాళ్లకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

అమెరికాకి వాయవ్య మూలన ఉన్న సియాటిల్ నగరానికీ అలాంటి అతిథి ఒకటుంది. పేరు కోహో సాల్మన్. చిన్న వాగులో పుడుతుంది. ఏడాదికి పైగా అక్కడే పెరిగి సముద్రంలోకి వెళ్లిపోతుంది. మూడేళ్ల వయసొచ్చాక, శరత్కాలపు వానలకి వాగులు నిండగానే, వెనక్కి తిరిగొచ్చి తను పుట్టిన నీళ్లలోనే గుడ్లు పెడుతుంది. జీవితంలో ఒకే ఒక్కసారి. ఆ తర్వాత చచ్చిపోతుంది.

నగరం పెరిగి, వాగులు మురికి కాలువలైపోయి, చాలాచోట్ల ఈ చేపలు రావడమే మానేశాయి. 1990ల్లో సియాటిల్ వాళ్లు పట్టుదలగా కొన్ని వాగుల్ని బాగుచేశారు. చెత్త తీశారు. గట్ల మీద చెట్లు నాటారు. చేపలు తిరిగొచ్చాయి కూడా! కానీ వచ్చిన చేపలు వచ్చినట్టే చచ్చిపోవడం మొదలైంది. వానపడిన కొద్ది గంటలకే నీటిపైకి తేలి, నోరు తెరిచి, దిక్కు తెలియనట్టు గుండ్రంగా తిరిగి, పక్కకి ఒరిగిపోయేవి. ఆడచేపల పొట్ట కోసి చూస్తే గుడ్లన్నీ అలాగే ఉన్నాయి. నగరంలోని లాంగ్‌ఫెలో వాగులో 2002 నుంచి 2009 దాకా లెక్కపెడితే, ఏ సంవత్సరం చూసినా సగానికి మించి ఇలాగే పోయాయి.

వాగు శుభ్రంగానే ఉంది. మరి చంపుతున్నదేమిటి?

రోడ్డు కడిగిన నీళ్లు

అనుమానం వాననీటి మీదికి మళ్లింది. ఆకాశంలోంచి పడిన నీటి మీద కాదు, రోడ్ల మీద పారి వచ్చిన నీటి మీద. అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా శాస్త్రవేత్తలు, వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు కలిసి ఓ పరీక్ష పెట్టారు. సియాటిల్‌లో 520 నంబరు రహదారి మీంచి దిగే వాననీటిని గొట్టం దగ్గరే పట్టారు. ఈ రోడ్డు మన పాఠకుల్లో చాలామంది ఇళ్లకి తెలిసే ఉంటుంది. మైక్రోసాఫ్ట్ ప్రధాన కార్యాలయం ఉన్న రెడ్‌మండ్‌ నుంచి సరస్సు మీదుగా సియాటిల్‌కి వెళ్లే దారి అదే. అక్కడ ఉద్యోగాలు చేసే మన పిల్లలు రోజూ తిరిగే దారి.

తొమ్మిది వేర్వేరు వానల్లో పట్టిన నీళ్లు. వాటిలో కోహో చేపల్ని వదిలారు. అన్నిసార్లూ ఫలితం ఒకటే... చావు! ముందు లోహాలు, నూనెల్లోని రసాయనాలు కలిపి అచ్చం రోడ్డు నీళ్లలాంటి మిశ్రమం తయారుచేసి పెట్టినప్పుడు మాత్రం చేపలకి ఏమీ కాలేదు. అంటే చంపేది మరేదో ఉందన్నమాట. అదేమిటో తేలడానికి 2020 డిసెంబరు దాకా పట్టింది. టైర్ల రబ్బరు పగుళ్లివ్వకుండా 6పీపీడీ అనే రసాయనం కలుపుతారు. గాలిలోని ఓజోన్‌ తగలగానే అది 6పీపీడీ-క్వినోన్‌గా మారుతుంది. టైరు అరిగి రాలిన పొడిలోంచి వానకి కొట్టుకొచ్చి వాగులో కలుస్తుంది. కోహోని చంపుతున్నది అదేనని సైన్స్ పత్రికలో ప్రకటించారు. 2023లో కాలిఫోర్నియా ప్రభుత్వం దీనికి ప్రత్యామ్నాయం వెతకమంటూ టైర్ల కంపెనీలకి నిబంధన పెట్టింది.

అసలు విడ్డూరం ఇది కాదు. హంతకుడెవరో తెలియడానికి ఐదేళ్ల ముందే, 2015 నాటికే మందు దొరికిపోయింది. అదే రోడ్డు నీళ్లని పీపాల్లో నింపిన మట్టిలోంచి వడకట్టి, కిందికి దిగిన నీళ్లలో చేపల్ని వదిలారు. అవి బతికాయి. ఇసుక అరవై పాళ్లు, చివికిన ఎరువు నలభై పాళ్లు, పైన చెక్కపొట్టు. మందంటే ఇంతే!

ఇంత చవకైన మందు ఉంటే ఊరంతా వేసేస్తే పోలేదా అనిపిస్తుంది. వేస్తున్నారు కూడా. రోడ్డు పక్కన పల్లంగా గొయ్యి తవ్వి, అడుగున కంకర, అందులో బెజ్జాల గొట్టం, దాని మీద రెండు మూడు అడుగుల ఇసుక మట్టి, ఆపైన రెల్లులాంటి మొక్కలు. రోడ్డు నీళ్లు గొయ్యిలోకి మళ్లేలా గట్టుకి గండి. మరీ నిండితే పొర్లిపోవడానికి ఓ గొట్టం. ఇంజినీర్లు దీన్ని బయోఫిల్టర్ అంటారు, మామూలు జనం రెయిన్ గార్డెన్ అంటారు. మొదట 1990ల ఆరంభంలో మేరీల్యాండ్‌లోని ప్రిన్స్ జార్జెస్ కౌంటీలో పుట్టిన ఆలోచన ఇది. సియాటిల్‌లో 2001లో ఒక వీధిని మొత్తం తిరగరాశారు. రోడ్డు వెడల్పు తగ్గించి, వంకర తిప్పి, రెండు పక్కలా ఇలాంటి పల్లాలు, చెట్లు పెట్టారు. తర్వాత కొలిస్తే వానాకాలపు నీటిలో దాదాపు 98 శాతం ఆ వీధి దాటి బయటికి రాలేదు.

అయితే పీపాలో నడిచింది వీధిలో నడవాలంటే ముందు ఒక్క ప్రశ్నకి జవాబు కావాలి. గొయ్యిలోకి వచ్చిన నీళ్లు ఎంతసేపట్లో దిగుతాయి?

ఫిల్టర్ కాఫీ లెక్క

ఈ ప్రశ్నలో ఉన్న చిక్కేమిటో కాఫీ ఫిల్టర్ ఉన్న ఇల్లాలికి బాగా తెలుసు. పొడి బరకగా ఉంటే నీళ్లు గబగబా దిగిపోతాయి, డికాషన్ పల్చగా వస్తుంది. మరీ మెత్తగా ఉంటే పైన నీళ్లు పైనే ఉంటాయి, పొద్దున్నే చుట్టాలు వచ్చి కూర్చున్నా కిందికి చుక్క దిగదు. మట్టీ అంతే. ఉత్త ఇసుకైతే నీళ్లు క్షణాల్లో జారిపోయి విషం విషంలాగే వాగులో కలుస్తుంది, ఎండాకాలం మొక్కలకి తడి దొరకదు. బంకమట్టి ఎక్కువైతే గొయ్యి కుంటగా మారుతుంది. నాలుగు రోజులు నిలవుంటే దోమలు చేరతాయి. గుడ్డు నుంచి దోమ రెక్కలు విప్పడానికి ఓ వారం చాలు. అందుకే ఒకటి రెండు రోజుల్లో పైన నీళ్లు కనపడకుండా పోవాలన్నది అందరూ పెట్టుకున్న నియమం.

కాఫీ అయితే మర్నాడు పొడి మార్చి చూసుకోవచ్చు. వీధి పొడవునా తవ్వి పూడ్చిన మట్టిని మార్చలేం కదా! అందుకే ముందుగా కాగితం మీద, కంప్యూటర్‌లో వాన కురిపించి చూస్తారు. మోడలింగ్ అంటే ఇదే.

దీని మూలసూత్రం చెప్పినాయన కంప్యూటర్ కాదు, ఇళ్లలో వెలిగే విద్యుద్దీపం కూడా చూసి ఉండడు. హెన్రీ డార్సీ. ఫ్రాన్స్‌లోని డిజాన్ పట్టణంలో 1803లో పుట్టాడు. ఊరికి దూరంగా ఉన్న ఊటనీటిని కాలువ కట్టి తెచ్చి సొంత ఊరి దాహం తీర్చిన ఇంజినీరు. మంచినీటిని వడకట్టే ఇసుక పడకలు ఎంత ఉండాలో తేల్చుకోవడానికి, ఊళ్లోని ఆస్పత్రి ఆవరణలో నిలువుగా గొట్టం పాతి, ఇసుక నింపి, నీళ్లు పోసి కొలిచాడు. 1856లో డిజాన్ నీటి సరఫరా గురించి రాసిన పెద్ద పుస్తకం చివర అనుబంధంలో ఆ ఫలితాన్ని చేర్చాడు. మరో రెండేళ్లకి పోయాడు. పుస్తకం సంగతి ఇవాళ చాలామందికి తెలియదు. ఆ అనుబంధం లేకుండా మాత్రం ప్రపంచంలో భూగర్భ జలాల లెక్క కట్టేవారు లేరు.

ఆయన చెప్పింది ఇంత... ఇసుకలోంచి నీరు దిగే వేగం రెండిటి మీద ఆధారపడుతుంది. ఒకటి, ఆ ఇసుక స్వభావం. దాన్ని ఒక్క అంకెలో చెప్పొచ్చు, గంటకి ఇన్ని సెంటీమీటర్లు అని. రెండు, పైనుంచి నీరు తోసే బలం. పైన నీటిమట్టం ఎంత ఎక్కువుంటే అంత తోపు, ఇసుక ఎంత మందంగా ఉంటే అంత అడ్డు.

ఓ చిన్న లెక్క వేద్దాం. వెయ్యి చదరపు మీటర్ల రోడ్డు. దాని పక్కన యాభై చదరపు మీటర్ల తోట. రెండున్నర సెంటీమీటర్ల వాన పడితే రోడ్డు మీంచి 25,000 లీటర్లు వస్తాయి. మట్టి అంకె గంటకి 5 సెంటీమీటర్లు అనుకుందాం. అంటే తోట మొత్తం గంటకి 2,500 లీటర్లు మింగుతుంది. ఆ వాన నాలుగు గంటలు నిదానంగా పడితే పదివేలు అప్పటికే దిగిపోయి ఉంటాయి. మిగిలిన పదిహేను వేలు తోటలో 30 సెంటీమీటర్ల ఎత్తున నిలుస్తాయి. గొయ్యి లోతు అంతే అయితే అంచుదాకా వచ్చి ఆగుతుంది. అదే వాన ఒక్క గంటలో కుమ్మేస్తే? 45 సెంటీమీటర్లు నిలవాలి. 30 దాటిందంతా వడకట్టకుండానే గొట్టంలోంచి వాగులోకి! వాన అదే, తోట అదే, మట్టి అదే. చేప గతి మాత్రం మారిపోయింది.

సరే, నిలిచిన 30 సెంటీమీటర్లు దిగడానికెంత? ముప్ఫైని ఐదుతో భాగిస్తే ఆరు గంటలు అంటారు చిన్నపిల్లలైనా. డార్సీ కాదంటాడు. మట్టి మందం 50 సెంటీమీటర్లు అయితే మొదట్లో పైనున్న నీటి బరువు తోడవుతుంది కాబట్టి గంటకి 8 సెంటీమీటర్ల వేగంతో దిగుతుంది. నీరు తగ్గేకొద్దీ తోపు తగ్గి చివరికి ఐదుకి వస్తుంది. మొత్తం లెక్క కడితే నాలుగు గంటల నలభై నిమిషాలు.

ఇదంతా మట్టి పూర్తిగా తడిసి ఉంటేనే. పొడి మట్టి సంగతి వేరు. అది దాహంతో ఉన్నట్టు నీటిని లోపలికి పీల్చుకుంటుంది. తడి ముందుకు జరిగేకొద్దీ ఆ పీల్చుడు తగ్గుతుంది. ఆ లెక్కకి 1911లో గ్రీన్, ఆంప్ట్ అనే ఇద్దరు ఓ సులువు దారి చూపారు. 1931లో రిచర్డ్స్ అనే శాస్త్రవేత్త పూర్తి సమీకరణం రాశాడు. అది చేత్తో విడేది కాదు, కంప్యూటర్ కావాల్సిందే. 1971 నుంచి అమెరికా పర్యావరణ సంస్థ వాడుకలోకి తెచ్చిన వాననీటి మోడల్‌ని ఇప్పటికీ మెరుగులు దిద్దుతూ వాడుతున్నారు. ఏళ్లకేళ్ల పాత వానల రికార్డు అందులో పోస్తే, నిమిషం నిమిషానికి ఎంత వచ్చింది, ఎంత ఇంకింది, ఎంత పొర్లింది అని జమాఖర్చు చూపిస్తుంది. ఇంట్లో నెలవారీ పద్దు లాంటిదే.

మోడల్‌కి తెలియని మట్టి

ఇంత చేసినా తోటకి దగ్గరగా వెళ్లి చూస్తే లెక్క తప్పుతుంది. ఎందుకో ఏ రైతుని అడిగినా చెప్తాడు. నల్లరేగడి చేలో ఎండలకి నెర్రెలిచ్చినప్పుడు తొలి వాన పడితే నీరంతా ఆ పగుళ్లలోంచి పాతాళానికి పోతుంది. రెండు వానలకి అవి మూసుకుంటే అదే నేల మీద నీరు నిలిచిపోతుంది. మోడల్‌లో మట్టి ఇంచీ ఇంచీ ఒకేలా ఉంటుంది. నిజం మట్టిలో వేళ్లున్నాయి, వానపాములున్నాయి, చీమల బొరియలున్నాయి, ఎవరో పని చేస్తూ బూటుకాలితో తొక్కి గట్టిపరచిన మూలలున్నాయి. ఒకే తోటలో నాలుగు చోట్ల ఇనుప రింగు పాతి, నీళ్లు పోసి, స్టాప్‌వాచ్ పట్టుకుంటే నాలుగు అంకెలొస్తాయి.

అంతకన్నా పెద్ద చిక్కు వయసు. ఈ విషయం మీద గట్టిగా కూర్చున్నవాళ్లు ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ వాళ్లు. కరువులూ కుండపోతలూ రెండూ చూసిన ఊరు కాబట్టి వాళ్లకి వాననీటి విలువ తెలుసు. మోనాష్ యూనివర్సిటీ పరిశోధకులు నిజంగా వీధుల్లో ఉన్న 37 బయోఫిల్టర్లని కొలిస్తే, దాదాపు 40 శాతం ఉండాల్సిన దానికన్నా మందకొడిగా నీటిని దించుతున్నాయి. తర్వాత వందకి పైగా పీపాల్లో మట్టి నింపి, మొక్కలు నాటి, మురికి వాననీరు పోస్తూ 72 వారాలు కనిపెట్టుకుని కూర్చున్నారు. నీరు దిగే వేగం సగటున మూడున్నర రెట్లకి పైగా పడిపోయింది. రోడ్డు మీంచి వచ్చే సన్నటి దుమ్ము, ఒండ్రు పైపొరలో పేరుకుని తొర్రల్ని మూసేస్తుంది. పనిచేయడమే దాని జబ్బు. ఎంత మురికిని పట్టుకుంటే అంత తొందరగా మూసుకుపోతుంది.

మన లెక్కలోకి దాన్ని తెస్తే... గంటకి 5 సెంటీమీటర్ల మట్టి ఏడాదిన్నరలో 1.4కి దిగింది. నాలుగు గంటల నలభై నిమిషాల్లో ఖాళీ అయిన తోట ఇప్పుడు పదిహేడు గంటలు తీసుకుంటుంది. అదొక్కటే అయితే పర్వాలేదు, దోమ పుట్టేలోపు దిగిపోతుంది కదా అనుకోవచ్చు. కానీ ఆ నాలుగు గంటల వాన మళ్లీ పడితే, మొదట్లో చుక్క పొర్లని తోటలోంచి ఇప్పుడు ఆరేడు వేల లీటర్లు నేరుగా బయటికి పోతాయి. తోట పచ్చగానే ఉంటుంది. పూలు పూస్తూనే ఉంటుంది. దారినపోయేవాళ్లు ఫొటోలు తీసుకుంటూనే ఉంటారు.

అందుకే తెలివైనవాళ్లు కొత్త మట్టి అంకెతో లెక్క వేయరు. పరీక్షలో వచ్చిన అంకెని సగం చేసో, పావు చేసో మోడల్‌లో పెడతారు. పెళ్లికి వందమంది వస్తారంటే నూటయాభై విస్తళ్లు సిద్ధం చేసుకునే పద్ధతి. మెల్‌బోర్న్ పీపాలు ఇంకో సంగతి కూడా చెప్పాయి. మెలల్యూకా అనే లావు వేళ్ల మొక్క ఉన్నచోట దారి మూసుకుపోలేదు. వేళ్లు మట్టిని కదిలిస్తూ, చచ్చిన వేళ్లు సొరంగాలు మిగులుస్తూ తొర్రల్ని తెరిచి ఉంచాయి. మొక్కని అందం కోసం కాక ప్లంబర్ పని కోసం ఎంచుకోవడం అప్పుడు మొదలైంది.

మందు మట్టిలోనూ మతలబు లేకపోలేదు. సియాటిల్ మిశ్రమంలోని నలభై పాళ్ల ఎరువు చేపకి విషం తగలకుండా కాపాడింది సరే, ఆ ఎరువులోంచే భాస్వరం, నత్రజని కరిగి కిందికి దిగుతున్నాయని తర్వాత కొలతల్లో బయటపడింది. దగ్గర్లో చెరువుంటే నాచు బలుస్తుంది. దాంతో వాషింగ్టన్ రాష్ట్రంలో మరో మిశ్రమం వాడుకలోకి తెచ్చారు. ఇసుక డెబ్భై పాళ్లు, కొబ్బరి పీచు ఇరవై, బొగ్గులాంటి బయోచార్ పది. కోనసీమ వాళ్లు ఇది చదివి నవ్వుకోవచ్చు. మూడు కుండలు ఒకదాని మీద ఒకటి పెట్టి ఇసుక, బొగ్గు వేసి మంచినీళ్లు వడకట్టుకున్న ఇళ్లు మనకి మొన్నమొన్నటిదాకా ఉన్నాయి.

మరి మన ఊళ్లకి పనికొస్తుందా? ఈ మాట దగ్గర కాస్త జాగ్రత్త కావాలి. సియాటిల్ వాన సన్నగా రోజంతా కురిసే తుంపర. హైదరాబాద్‌లో 2000 ఆగస్టులో ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల దాకా కురిసింది. మన లెక్కలోని రోడ్డు మీద ఆ వాన పడితే వచ్చేది రెండు లక్షల నలభై వేల లీటర్లు. యాభై చదరపు మీటర్ల తోట దాని ముందు చెంబుతో సమానం. నాలాల మీది కట్టడాలు అలా ఉంచి, డివైడర్‌లో నాలుగు మొక్కలు నాటి వరద ఆగుతుందంటే నమ్మకూడదు. కానీ నెలల తరబడి రోడ్డు మీద పేరుకున్న టైర్ల పొడి, నూనె, బ్రేకుల మసి తొలకరి జల్లులకే కడుక్కుపోయి చెరువులో చేరతాయి. ఆ మొదటి సెంటీమీటరు నీళ్లని ఆపగలిగితే తోట తన పని తను చేసినట్టే. అయితే సియాటిల్ అంకెలో, మెల్‌బోర్న్ అంకెలో తెచ్చి అతికిస్తే కుదరదు. ఉష్ణమండలంలో వాన జోరు ఎక్కువ కాబట్టి మట్టి ఇంకా వేగంగా తాగేదై ఉండాలని మెల్‌బోర్న్ వాళ్ల మార్గదర్శకాలే చెప్తున్నాయి. మన దుమ్ము మోతాదు ఎంతో, అది ఎన్ని నెలల్లో పైపొరని మూసేస్తుందో మన రోడ్డు పక్కనే రింగు పాతి, నీళ్లు పోసి తేల్చుకోవాలి.

మూసుకుపోయిన తోటకి వైద్యం కష్టమేమీ కాదు. పైన నాలుగంగుళాల మట్టి చెక్కి పారేసి కొత్తది వేస్తే వేగం చాలావరకు తిరిగొస్తుంది. గునపం, పార చాలు. ఎప్పుడు చెక్కాలన్నది మోడల్ చెప్తుంది. చెక్కే మనిషికి జీతం ఎవరివ్వాలన్నది ఏ మోడలూ చెప్పదు. తోట ప్రారంభోత్సవానికి రిబ్బను కత్తిరించే పెద్దలు మూడో ఏట పార పట్టుకునేవాడి ఖర్చు పద్దులో రాస్తే, ఈ కథలో సగం గొడవ ఉండదు.

సియాటిల్‌లో శరత్కాలం వస్తే లాంగ్‌ఫెలో వాగు వెంట రబ్బరు బూట్లు వేసుకుని కొందరు వాలంటీర్లు నడుస్తారు. చచ్చిన ఆడ కోహో కనపడితే ఒడ్డుకి తీసి, పొట్ట కోసి చూస్తారు. గుడ్లు పెట్టి చచ్చిందా, పెట్టకుండానే చచ్చిందా అని నోట్‌బుక్‌లో రాసుకుని, తోక కత్తిరించి మళ్లీ ఎవరూ లెక్కపెట్టకుండా గుర్తు పెట్టి, నీళ్లలో వదిలేసి ముందుకెళ్తారు.